చెవి బాగానే ఉంది, మరి వినడెందుకు?

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు నిండాయి. ఏది చెప్పినా మొదట “ఆఁ?” అంటాడు. నాలుగు పనులు చెబితే ఒక్కటీ చేయకుండా వచ్చి ఎదురుగా నిలబడతాడు. ఒక్కోసారి చెప్పినదానికి సరిగ్గా తలకిందులు చేస్తాడు. క్లాసులో పరధ్యానంగా ఉంటున్నాడని టీచర్ రెండుసార్లు పిలిచి చెప్పారు. వినికిడి పరీక్ష చేయిస్తే అంతా నార్మల్ అన్నారు. మా అత్తగారు మొండితనం అంటారు, మావారు గారాబం అంటారు. తెలిసినావిడ ఒకరు ఇది ‘ప్రాసెసింగ్’ సమస్య అని, వినే శక్తిని పెంచే యాప్ ఏదో కొనమని చెబుతున్నారు. విచిత్రం ఏమిటంటే, రాత్రి పక్కలో పడుకోబెట్టుకుని కథ చెబితే మర్నాడు ఒక్క ముక్క పోకుండా తిరిగి చెబుతాడు! వాడికి ఏడాదిన్నర వయసులో నేను ఇంట్లోంచే ఉద్యోగం చేస్తూ గంటలకొద్దీ వీడియోలు పెట్టి కూర్చోబెట్టాను. దానివల్లే ఇలా అయ్యాడేమోనని టెన్షన్. ఇప్పుడు ఎనిమిది నెలల పాప ఉంది. తన విషయంలోనైనా ఏం జాగ్రత్త తీసుకోవాలి? అన్నట్టు, బాబుకు జలుబు చేస్తే ఓ పట్టాన వదలదు. పరీక్ష కూడా అది తగ్గాకే చేయించాం.
– ఒక తల్లి

సమాధానం:

మీ ఉత్తరంలో రెండు వాక్యాల కింద గీత గీసుకున్నాను. ఒకటి రాత్రి కథ సంగతి. రెండోది మీరు “అన్నట్టు” అంటూ చివర్లో పడేసిన జలుబు సంగతి. మొండితనం, గారాబం, ప్రాసెసింగ్, వీడియోలు... వీటన్నిటికన్నా ఆ రెండే నాకు ఎక్కువ చెప్పాయి.

ముందు కథ సంగతి చూద్దాం. విన్న కథను మర్నాడు వరసగా తిరిగి చెప్పాలంటే శబ్దం అందాలి, ఆ ధారలోంచి మాటలు విడదీయాలి, అర్థం పట్టాలి, గుర్తుంచుకోవాలి, మళ్లీ తన వాక్యాల్లో పేర్చాలి. మీవాడు ఇవన్నీ చేస్తున్నాడు. భాషలోనో జ్ఞాపకంలోనో పెద్ద లోటుంటే ఇది కుదిరే పని కాదు. కాకపోతే ఆ వేళ గది నిశ్శబ్దంగా ఉంటుంది. మీ నోరు వాడి చెవికి జానెడు దూరంలో ఉంటుంది. మీరు నెమ్మదిగా చెబుతారు. వాడికి వేరే పనేమీ ఉండదు. పగలు ఈ నాలుగిట్లో ఒక్కటీ దొరకదు. అంచేత “వీడికి వినపడుతోందా, లేదా?” అని కాకుండా “ఎక్కడ వినలేకపోతున్నాడు, ఎప్పుడు వినలేకపోతున్నాడు?” అని చూడాలి.

మీరు చేయించిన పరీక్ష మొదటి ప్రశ్నకే జవాబిస్తుంది. బయటి చప్పుళ్లు రాని గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టి, మామూలుగా 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా ఒక్కో శ్రుతిలో ‘బీప్’ వినిపిస్తూ, ఎంత చిన్నదాన్ని పట్టగలడో చూస్తారు. అన్నిటికంటే ముందు చేయించాల్సింది ఆ పరీక్షే, మీరు మంచి పని చేశారు. కానీ బడిలో ఎవరూ బీపుల్లో పాఠం చెప్పరు కదా. ముప్పై మంది గుసగుసలు, కుర్చీలు జరుపుతున్న చప్పుడు, ఫ్యాన్ల రొద, వీటి మధ్య గదికి ఆ కొసన బోర్డు వైపు తిరిగి మాట్లాడుతున్న టీచర్ గొంతును వీడు పట్టుకోగలడా అన్నది ఆ రిపోర్టులో ఉండదు.

చెవి ఒక వయసులో తయారవుతుంది, వినడం ఇంకో వయసుకు గానీ పూర్తి కాదు. లోపలి చెవి తల్లి కడుపులోనే సిద్ధమవుతుంది, పుట్టేనాటికి బిడ్డ రెండు మూడు నెలలుగా వింటూనే ఉంటుంది. 1980లో ఆంథనీ డీకాస్పర్, విలియం ఫైఫర్ అనే పరిశోధకులు పసివాళ్ల నోట్లో పాలపీక పెట్టి, చప్పరించే తీరును బట్టి అమ్మ గొంతో మరో స్త్రీ గొంతో వినిపించేలా ఏర్పాటు చేశారు. మూడు రోజులు కూడా నిండని పిల్లలు అమ్మ గొంతే వచ్చేలా తమ చప్పరింపును మార్చుకున్నారు! అంత తొందరగా మొదలయ్యే ఈ నేర్పు గోలలోంచి ఒక్క గొంతును ఏరుకునే దగ్గరికి వచ్చేసరికి చాలా నిదానిస్తుంది. అది టీనేజీలోకి వచ్చేదాకా మెరుగవుతూనే ఉంటుంది. ఆరేళ్లవాడికి ఇంకా చాలా దారి ఉంది.

పెద్దవాళ్లకు ఈ సంగతి తట్టదు. మనం సగం వినకపోయినా విన్నామనే అనుకుంటాం. పక్కగదిలోంచి “వాన వచ్చేలా ఉంది, గొ... పట్టుకెళ్లు” అని సగం సగం వినబడినా మీకు ‘గొడుగు’ అనే వినిపిస్తుంది. పోయిన ముక్కను మీ భాషానుభవం పూరించేస్తుంది. ఆరేళ్లవాడి దగ్గర అంత సరుకు ఇంకా లేదు. పైగా గోలలో ముందు మునిగిపోయేవి హల్లులు. అచ్చులకు బలం ఎక్కువ, నిలబడతాయి. ‘త’, ‘ప’, ‘స’ లాంటివి రెప్పపాటులో వచ్చిపోయే బలహీనమైన చప్పుళ్లు. అవి పోతే ‘పాత పుస్తకం’ ‘పాట పుస్తకం’ అయిపోతుంది. మీవాడు ఏదో ఒకటి ఊహించుకుని పాటల పుస్తకం వెతుకుతుంటాడు. మనం పరధ్యానం అంటాం.

దీనికితోడు మన భాషలో ఓ చిక్కుంది. తెలుగులో అసలు సంగతంతా వాక్యం తోకలో ఉంటుంది. ‘అక్కడ పెట్టు’కూ ‘అక్కడ పెట్టకు’కూ తేడా చివర్న వచ్చే ఆ చిన్న ముక్కే. సరిగ్గా అక్కడికొచ్చేసరికి మన ఊపిరి అయిపోతుంది, గొంతు దిగిపోతుంది. చెప్పినదానికి తలకిందులు చేస్తాడని రాశారే, అలాంటివి రెండు మూడు గుర్తు చేసుకుని చూడండి. వాటిలో ‘వద్దు’లూ ‘కు’లూ ఎన్ని ఉన్నాయో! ఇంకోటి, “బూట్లు విప్పేసి, సంచి లోపల పెట్టి, బట్టలు మార్చుకుని, చేతులు కడుక్కుని రా” అని నాలుగు పనుల్ని ఒక్క దండలో గుచ్చేయడం మనకు అలవాటు. వ్యాకరణం ఏ అభ్యంతరం చెప్పదు. ఆరేళ్ల జ్ఞాపకానికి మాత్రం అది మోయలేని బరువు. చివరి ‘రా’ ఒక్కటీ స్పష్టంగా అందుతుంది. అందుకే వచ్చి ఎదురుగా నిలబడతాడు!

‘పెడచెవిన పెట్టాడు’, ‘చెవిన వేసుకోడు’, ‘ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తాడు’... మనం ఇంట్లో వాడే ఈ మాటలన్నిట్లోనూ ముద్దాయి వినేవాడే. మీ అత్తగారు మొండితనం అనడంలో ఆశ్చర్యం లేదు. ఆవిడతో వాదించకండి, గోలలో ఓ మాట, నిశ్శబ్దంలో ఓ మాట చెప్పి చూడమనండి చాలు.

ఇక జలుబు. నా అనుమానమంతా దీని మీదే. చెవిలో కర్ణభేరి వెనకున్న గదినీ ముక్కు వెనక భాగాన్నీ కలుపుతూ ఒక సన్నని గొట్టం ఉంటుంది. లోపలికి గాలి ఆడడం, ఊరిన తేమ కిందికి జారడం దాని పని. పిల్లల్లో ఆ గొట్టం పొట్టిగా, దాదాపు అడ్డంగా పడుకున్నట్టు ఉంటుంది. అందుకే జలుబు చేస్తే అది తొందరగా మూసుకుపోతుంది, కర్ణభేరి వెనక నీరు చేరుతుంది. ఒక్కోసారి అది జిగురులా చిక్కబడుతుంది కూడా. డాక్టర్లు ‘గ్లూ ఇయర్’ అనేది దీన్నే. నొప్పి ఉండకపోవచ్చు, జ్వరం ఉండకపోవచ్చు, చీము కారకపోవచ్చు. పిల్లవాడు ఫిర్యాదు చేయడు, ఎందుకంటే వాడికి లోకమే కాస్త మెత్తగా వినిపిస్తుంటుంది, అంతే. వినికిడి సుమారు 20 నుంచి 30 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిదో చెప్పే కొలత) దాకా తగ్గుతుంది. మీ చెవుల్లో వేళ్లు పెట్టుకుని కాసేపు ఇంట్లోవాళ్ల మాటలు విని చూడండి, ఎలా ఉంటుందో తెలుస్తుంది. దగ్గర్నుంచి చెప్పే కథ అందుతుంది. పక్కగదిలోంచి వేసిన కేక గొణుగుడులా వస్తుంది.

దీనితో వచ్చే పెద్ద తంటా ఏమిటంటే, వస్తుంది, పోతుంది. జలుబు పూర్తిగా తగ్గాక పరీక్ష చేయించారు కనుక అప్పటికి ఆ నీరు ఇంకిపోయి ఉండవచ్చు. రిపోర్టు అబద్ధం కాదు. ఆ రోజుకు నిజం. పైగా ఒకరోజు వినిపించి, ఇంకోరోజు వినిపించకపోయేసరికి ఇంట్లోవాళ్లకు “కావాలంటే వింటాడు, వద్దంటే వినడు” అనే అనిపిస్తుంది.

కాబట్టి ఈసారి జలుబు పట్టినప్పుడు, తగ్గేదాకా ఆగకుండా, వారం పది రోజులకల్లా ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి ‘టింపనోమెట్రీ’ చేయించండి. చెవిలో మెత్తటి బిరడా లాంటిది పెట్టి, గాలి ఒత్తిడి కొద్దిగా మార్చి, కర్ణభేరి కదులుతోందో లేదో చూస్తారు. నిమిషాల్లో అయిపోతుంది, పిల్లవాడు జవాబు చెప్పాల్సిన పని లేదు. అప్పుడే మళ్లీ బీపుల పరీక్ష కూడా చేయమని అడగండి. రాత్రిళ్లు నోరు తెరుచుకుని నిద్రపోతాడా, గురక పెడతాడా అన్నది గమనించి చెప్పండి. ముక్కు వెనకుండే అడినాయిడ్లు పెరిగితే అలా జరుగుతుంది, చెవిలో నీటికీ దానికీ సంబంధం ఉండొచ్చు. నీరు ఉందని తేలినా కంగారు పడకండి. చాలామంది పిల్లల్లో 3 నెలల్లోపు దానంతటదే పోతుంది, అందుకే డాక్టర్లు ముందు వేచి చూద్దామంటారు. మూడు నెలలు దాటినా రెండు చెవుల్లోనూ నిలిచిపోయి వినికిడి తగ్గించి ఉంచితే అప్పుడు కర్ణభేరిలో ‘గ్రోమెట్’ అనే చిన్న గొట్టం అమర్చే సంగతి మాట్లాడతారు. అక్కడిదాకా వెళ్లని పిల్లలే ఎక్కువ.

ఈలోగా మీరు ఇంట్లో చేయగలిగింది ఒకటుంది. వినికిడి లోపమున్న పిల్లలకు మాటలు నేర్పడంలో జీవితమంతా గడిపిన డేనియల్ లింగ్ ఆరు శబ్దాలు ఎంచి పెట్టారు: ఆ, ఊ, ఈ, మ్, స్, ష్. మాటల్లో వచ్చే మందమైన శ్రుతి నుంచి సన్నటి శ్రుతి దాకా ఈ ఆరింట్లో వచ్చేస్తుంది. వాడి వెనక నిలబడి, నోరు కనిపించకుండా, మామూలు గొంతుతో ఒక్కోటీ అనండి. విన్నది తిరిగి అనాలి, అదీ ఆట. మూడు అడుగుల దూరంలో ఒకసారి, గదికి ఆ చివర నుంచి ఒకసారి. ఆరోగ్యంగా ఉన్న రోజున చేసి తేదీ వేసి రాసుకోండి, జలుబు రోజున మళ్లీ చేసి పక్కన రాసుకోండి. ఇది పరీక్షకు బదులు కాదు. కానీ ఆ కాగితం చూపిస్తే డాక్టర్‌కు అరగంట సంభాషణ కలిసొస్తుంది.

వాడి “ఆఁ?” గురించి కూడా చెప్పాలి. ఈసారి వాడు “ఆఁ?” అనగానే మళ్లీ చెప్పకండి. వాడి వైపు చూస్తూ మనసులో అయిదు లెక్కపెట్టండి. చాలాసార్లు మీరు అయిదు చేరేలోపే వాడే జవాబు చెప్పేస్తాడు. అంటే శబ్దం అందింది, దాన్ని విప్పుకోవడానికి కాస్త టైం కావాలి, ఆ టైం కొనుక్కోవడానికే “ఆఁ?” అన్నాడు. అయిదు దాటినా తెల్లమొహం వేస్తే నిజంగానే అందలేదన్నమాట. అప్పుడు అదే వాక్యాన్ని అవే మాటల్లో ఇంకోసారి అనండి. మొదటిసారే మాటలు మార్చేస్తే వాడు మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాలి. రెండోసారీ కాకపోతే అప్పుడు మార్చండి. ఒక్కటి మాత్రం ఎప్పుడూ చేయకండి: “ఎన్నిసార్లు చెప్పాలిరా!” అని విసుక్కోకండి. విసుక్కుంటే “ఆఁ?” మానేస్తాడు, వినకపోయినా “ఊఁ” అని తలూపడం నేర్చుకుంటాడు. అలా తలూపడం అలవాటైన పిల్లల్ని కనిపెట్టడం మా పనిలో అన్నిటికన్నా కష్టం. “ఆఁ?” అంటున్నాడంటే నాకు సంతోషం.

మిగతావి మీకు తట్టేవే. పేరు పెట్టి పిలిచి, ఇటు చూశాకే సంగతి చెప్పడం. టీవీ ఆపి మాట్లాడటం. పనులు రెండేసి చెప్పడం. ‘పెట్టకు’ అని చివర్న తేల్చేకన్నా “వద్దు, అక్కడ వద్దు” అని ముందే అనేయడం. “అర్థమైందా?” అని అడిగితే ఏ పిల్లవాడైనా అయిందనే అంటాడు, “ఏం చేస్తావో చెప్పు” అనండి.

టీచర్‌తో మాట్లాడేటప్పుడు ఒకే ఒక్క కోరిక కోరండి: ముందు బల్ల మీద, కిటికీకీ తలుపుకీ దూరంగా కూర్చోబెట్టమని. అడ్డుగోడలు లేని చోట దూరం సగానికి తగ్గితే శబ్దం 6 డెసిబెల్స్ పెరుగుతుంది. చిన్నపిల్లలు హాయిగా వినాలంటే టీచర్ గొంతు చుట్టూ ఉన్న రొదకన్నా 15 డెసిబెల్స్ పైన ఉండాలని తరగతి గదుల మీద పనిచేసేవాళ్లు చెబుతారు. చాలా తరగతుల్లో అది ఉండదు. చివరి వరుసలో అసలే ఉండదు. బల్ల మార్చడానికి ఖర్చు లేదు, డాక్టర్ చీటీ కూడా అక్కర్లేదు.

‘ప్రాసెసింగ్ సమస్య’ అన్న మాట ఇప్పుడే తగిలించకండి. చెవి బాగుండి, విన్నదాన్ని మెదడు సరిగ్గా విడదీసుకోలేకపోయే ఇబ్బంది కొందరు పిల్లల్లో నిజంగా ఉంటుంది. కానీ దానికి చేసే పరీక్షలు ఏడేళ్లలోపు పిల్లల్లో నమ్మదగ్గవిగా ఉండవు, ఎందుకంటే ఆ వయసులో మామూలు పిల్లల స్కోర్లే చాలా ఎగుడుదిగుడుగా ఉంటాయి. అదీగాక అది విడిగా ఒక సమస్యా, ఏకాగ్రత లోపానికీ భాషా లోపానికీ మరో ముఖమా అన్న వాదన నిపుణుల్లో ఇంకా తెగలేదు. చెవిలో నీటి సంగతి తేల్చుకున్నాక కూడా ఏడెనిమిదేళ్లకు ఇదే తీరు ఉంటే, లేదా చదవడం రాయడంలో ఒకలాంటి అక్షరాల దగ్గర తోటివాళ్లకన్నా బాగా తడబడుతుంటే, అప్పుడు ఆడియాలజిస్ట్‌నూ (వినికిడి నిపుణులు) స్పీచ్ థెరపిస్ట్‌నూ కలవండి. యాప్ కొనకండి. అలాంటి ఆటలు ఆడితే ఆ ఆటలో స్కోరు పెరుగుతుంది. ఆ మెరుగుదల మాటల్లోకీ చదువులోకీ వస్తుందనడానికి గట్టి ఆధారం లేదు.

వీడియోల గురించి మీ మనసులో ఉన్న ముల్లు తీసేద్దాం. 2003లో పట్రీషియా కూల్ బృందం అమెరికాలో తొమ్మిది నెలల పిల్లలకు చైనా వాళ్ల మాండరిన్ భాష వినిపించింది. ఎదురుగా మనిషి కూర్చుని ఆడిస్తూ మాట్లాడిన పిల్లలు 12 సార్లు వినేసరికి ఆ భాషలోని ధ్వనుల తేడా పట్టేశారు. అదే మనిషిని, అవే మాటలను టీవీలో చూసిన పిల్లలకు ఏమీ అంటలేదు. దీన్నిబట్టి వీడియో మాటలు నేర్పలేదనుకోవచ్చు గానీ చెవిని పాడుచేసిందనుకోకూడదు. ఆ గంటల్లో మీరు వాడితో మాట్లాడే అవకాశం పోయిందన్నది నిజమే. కథను ముక్క పోకుండా చెప్పే పిల్లవాడిలో ఆ లోటు తాలూకు గుర్తేదీ నాకు కనిపించడం లేదు.

పాప మాత్రం ఇప్పుడు బ్రహ్మాండమైన వయసులో ఉంది. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ చేసిన ప్రయోగం చెబితే మీరు పాపను చూసే చూపు మారుతుంది. ఇంగ్లిష్ ఇళ్లలో పెరుగుతున్న పసివాళ్లకు హిందీలోని ‘ట’, ‘త’ వినిపించారు. ఇంగ్లిష్ వాళ్లకు ఆ రెండూ ఒకటే, పెద్దవాళ్లు తేడా పట్టలేరు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు మాత్రం ఇట్టే పట్టేశారు! పది, పన్నెండు నెలలకు వచ్చేసరికి వాళ్లలో చాలామందికి ఆ నేర్పు పోయింది. ఇంట్లో హిందీ వినే పిల్లలకు నిలిచింది. అంటే మీ పాప ఇప్పుడు మీ ఇంట్లో ఏ ధ్వనులు పనికొస్తాయో, ఏవి అక్కర్లేదో తేల్చుకుంటోంది. ఎనిమిది నెలల పిల్లలు రెండే రెండు నిమిషాలు ఆగకుండా సాగే అర్థంలేని అక్షరాలను విని, ఏ అక్షరం వెనక ఏది వస్తోందో లెక్కగట్టి ‘మాటలు’ విడదీస్తారని 1996లో జెన్నీ సాఫ్రన్, ఆమె సహచరులు చూపించారు. కాబట్టి తనకేం అర్థమవుతుందిలే అనుకోకుండా మాట్లాడండి. పాప దేనివైపు చూస్తోందో దాని గురించే మాట్లాడండి, తర్వాత ఆగండి. తను “బబబ” అంటే అది తన వంతు. ముద్దుముద్దుగా సాగదీసి మాట్లాడితే భాష చెడిపోతుందని ఎవరన్నా అంటే పట్టించుకోకండి, ఆ సాగదీతలోనే అచ్చులు విడివిడిగా వినిపిస్తాయి.

ఒక్క హెచ్చరిక. పుట్టుకతో వినపడని పిల్లలు కూడా మొదటి నెలల్లో కూతలు పెడతారు, నవ్వుతారు. చప్పట్లు కొడితే గాలి కదలికకో నీడకో తిరిగి చూస్తారు. అందుకని వాటిని నమ్ముకోకూడదు. పది నెలలు నిండుతున్నా ‘బబబ’, ‘దదద’ లాంటి అక్షరాల దొంతర్లు రాకపోయినా, వచ్చినవి ఆగిపోయినా వెంటనే పరీక్ష చేయించాలి. పాప పుట్టినప్పుడు వినికిడి స్క్రీనింగ్ చేశారో లేదో డిశ్చార్జి కాగితాలు తీసి చూడండి. మొదటి నెలలోనే జరగాల్సిన పరీక్ష అది. అందులో లేకపోతే, బాబును టింపనోమెట్రీకి తీసుకెళ్లే రోజునే పాపను కూడా వెంటబెట్టుకెళ్లండి. ఒక్క రోజు సెలవుతో రెండు పనులూ అయిపోతాయి.